కిరాయి ఇల్లు, సొంత దోస్తులు

ఇల్లు మారే పనికి మన తెలుగులో వాడే మాటల్ని ఒకసారి వరసగా పేర్చి చూడండి. కిరాయి, బయానా, దలాలు, సామాను, మకాం, ఖరారు, హామీ, ఖాళీ చేయడం. ఇవన్నీ అరబ్బీ, ఫారసీల నుంచి ఉర్దూ మీదుగా వచ్చి తెలుగు ఇళ్ళల్లో మకాం వేసినవే. ఇప్పుడు వాటిని ఎవరూ పరాయి మాటలనరు. మాటలు ఊరు మారి ఇంత హాయిగా స్థిరపడ్డాయి. మనుషులకు మాత్రం అది అంత ఆసాన్ కాదు. సామాను లారీలో వస్తుంది, దోస్తులు రారు.

కానీ గత పదిపన్నెండేళ్ళుగా ఒక కొత్త రకం దోస్తులు మనతోపాటే వస్తున్నారు. స్కూల్లో కలిసి చదువుకున్నవాళ్ళ వాట్సప్ గ్రూపు, షాయిరీ ఇష్టపడేవాళ్ళ గ్రూపు, వంటల గ్రూపు, ఎప్పుడూ ముఖాముఖి కలవకపోయినా రోజూ ఖైరియత్ అడిగే నలుగురైదుగురు. ఇల్లు మారేవాళ్ళకు వీళ్ళ గురించి రెండు రకాల నసీహత్ దొరుకుతుంది. ఒకరు "ఆ ఫోన్ పక్కన పడేసి పక్కింటివాళ్ళతో మాట్లాడు, అవేం దోస్తీలు" అంటారు. ఇంకొకరు "నీకేం ఫికర్, దోస్తులంతా జేబులోనే ఉన్నారుగా" అంటారు. రెండూ సగం సగం మాటలే. ఫోన్లో దోస్తీ అసలైన దోస్తీయే. అయితే ఆ దోస్తీ కాపురముండేది కూడా కిరాయి ఇంట్లోనే. ఈ రెండు సంగతులూ కలిపి చూడకపోతే ఇల్లు మారినప్పుడల్లా ఏదో ఒకటి పోగొట్టుకుంటాం.

ముందు ఇళ్ళు మారేది ఎవరో చూద్దాం. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో పుట్టిన చోటో, అంతకుముందు ఉన్న చోటో వదిలి ఇంకో చోట ఉంటున్నవాళ్ళు 45 కోట్లకు పైమాటే. వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. వాళ్ళ వలసకి అన్నిటికన్నా పెద్ద కారణం ఉద్యోగమూ కాదు, చదువూ కాదు, షాదీ. ఆ తర్వాత శోహర్ బదిలీలు, దుకాణం మార్పులు, దేశమంతా రివాజైపోయిన 11 నెలల అగ్రిమెంట్లు. ప్రతిసారీ ఇల్లు సర్దేది ఆమే, కొత్త గల్లీలో ఒక్క మనిషి కూడా తెలియకుండా మొదటి నెల గడిపేదీ ఆమే.

మగవాళ్ళకు కొత్త ఊళ్ళోనూ ఇరానీ హోటలో, టీ బంకో, మసీదు ముందు అరుగో దొరుకుతుంది. నాలుగు రోజులు అక్కడ నిలబడితే నలుగురు సలాం చేస్తారు. ఆడదానికి అలాంటి అడ్డా ఎక్కడుంది? వెనకటి రోజుల్లో పెళ్ళయి వెళ్ళిన పిల్ల తన సహేలీకి ఖత్ రాస్తే అది అత్తింట్లో పదిమంది చేతులు మారాకే బయటికి పోయేది. జవాబు వచ్చినా అంతే. అలా ఎన్ని దోస్తీలు రాలిపోయాయో మన అమ్మీలని, ఖాలాలని అడగండి. "చిన్నప్పుడు ఒక సహేలీ ఉండేది, ఇప్పుడెక్కడుందో" అనే మాట చాలా ఇళ్ళల్లో వినిపిస్తుంది. అందుకే "ఫోన్లో దోస్తులేం దోస్తులు" అని ఎవరైనా తీసిపారేస్తే నాకు ముందు అడగాలనిపించేది ఒకటే: నీకు టీ హోటల్ ఉంది కదా భాయ్, ఆమెకేముంది?

దూరంగా ఉన్న దోస్తులతో మాటల మీదే బతకడం కొత్తేమీ కాదు. మీర్జా గాలిబ్ (1797–1869) ఢిల్లీలో అన్నేళ్ళున్నా సొంత ఇల్లు కట్టుకోలేదు. కిరాయి ఇళ్ళల్లోనే మారుతూ బతికాడు. ఆయన చివరి రోజులు గడిచిన బల్లీమారాన్‌లోని గలీ ఖాసిం జాన్ ఇంటిని ఇప్పుడు జనం వెతుక్కుంటూ వెళ్ళి చూస్తారు. 1857 తిరుగుబాటు తర్వాత ఢిల్లీ ఖాళీ అయిపోయింది. దోస్తుల్లో కొందరు చనిపోయారు, మిగిలినవాళ్ళు తలోదిక్కూ అయ్యారు. ఆయన శిష్యుడు మీర్ మెహదీ మజ్రూహ్ పానిపట్‌లో, ఇంకో శిష్యుడు హర్‌గోపాల్ తఫ్తా సికందరాబాద్‌లో ఉన్నారు. ఇది మన సికిందరాబాద్ కాదు, ఉత్తరప్రదేశ్‌లోనిది. గాలిబ్ వాళ్ళందరికీ ఖత్‌లు రాస్తూనే ఉన్నాడు. బారెడు బిరుదులతో మొదలుపెట్టే పాత పద్ధతి వదిలేసి, ఎదురుగా కూర్చోబెట్టుకుని గుఫ్తగూ చేసినట్టు రాశాడు. జవాబు ఆలస్యమైతే అలిగాడు, దెప్పాడు, నవ్వించాడు. ఆ ఖత్‌లు 1868లో ఊద్-ఎ-హిందీ, 1869లో ఉర్దూ-ఎ-ముఅల్లా అనే పుస్తకాలుగా వచ్చాయి. కూలిపోయిన మహఫిల్‌ని ఆయన టపాలో మళ్ళీ నిలబెట్టుకున్నాడు. ఆ దోస్తీలు ఉత్తుత్తివని ఎవరైనా అంటారా?

ఇల్లు వెతికేటప్పుడు ఈ గ్రూపులు చేసే మదద్ కూడా చిన్నది కాదు. టులెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తాం. ఇల్లు ఖాళీగానే ఉందంటారు, కిరాయి ఎంతో చెబుతారు, ఆఖర్న పేరు అడుగుతారు. పేరు చెప్పగానే "మా వాళ్ళెవరో వస్తామన్నారండీ" అంటారు. లేదంటే "మీరు నాన్‌వెజ్ వండుతారు కదా" అని మర్యాదగా తలుపు వేస్తారు. ముసల్మాన్ పేరున్నవాళ్ళకి ఇది నగరాల్లో రోజూ ఎదురయ్యే తజుర్బా. దళితులకి వేరే ప్రశ్నలతో, ఒంటరి ఆడవాళ్ళకి ఇంకో రకం ప్రశ్నలతో ఇదే ఎదురవుతుంది. అలాంటప్పుడు "ఫలానా గల్లీలో అడుగు, ఆ ఓనరు మంచివాడు, నా పేరు చెప్పు" అని గ్రూపులో ఎవరో ఒక్కరు రాసిన ఒక్క లైను పది టులెట్ బోర్డులతో సమానం. పిల్లలకి ఏ స్కూలు, ఏ క్లినిక్‌లో ఓపిగ్గా చూస్తారు, నీళ్ళ టాంకర్ ఎప్పుడొస్తుంది, ఇవన్నీ ఏ దలాలూ చెప్పడు. చెప్పేది జాన్ పహచాన్ ఉన్నవాళ్ళే.

ఇక రెండో సంగతి. ఈ దోస్తీలు కాపురముండేది కిరాయి ఇంట్లో అన్నాను. మొబైల్ నెంబరు సంగతే తీసుకోండి. కంపెనీ మారినా నెంబరు మారకుండా ఉండే సౌకర్యం దేశమంతటా వచ్చింది 2011 జనవరి 20న. అది కూడా ఒకే టెలికాం సర్కిల్ లోపలే. ఇంకో సర్కిల్‌కి పోయినా అదే నెంబరు ఉంచుకునే వీలు 2015 జూలై 3న గానీ రాలేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఒకే సర్కిల్ కిందికి వస్తాయి కనక కర్నూలు నుంచి వరంగల్ వచ్చినవాళ్ళకి ఇబ్బంది లేదు. బెంగుళూరుకో, ముంబాయికో పోయినవాళ్ళు రోమింగ్ ఛార్జీలన్నా భరించాలి, నెంబరన్నా మార్చాలి. ఎక్కువమంది నెంబరు మార్చారు. కొత్త నెంబరు అందనివాళ్ళు తెగిపోయారు.

ఇప్పుడు నెంబరు మనతో వస్తోంది. కానీ మహఫిల్ జరిగే హాలు మనది కాదు. తెలుగు కుర్రకారు ఒకప్పుడు రాత్రింబవళ్ళు గడిపిన ఆర్కుట్ 2014 సెప్టెంబర్ 30న మూతపడింది. యాహూ మెసెంజర్ 2018 జూలై 17న ఆగిపోయింది. ఎన్నో సాహిత్య చర్చలు, ఊరి పేర్లతో పెట్టుకున్న సంఘాలు నడిచిన యాహూ గ్రూప్స్ 2020 డిసెంబర్ 15న పూర్తిగా పోయింది. ఓనరు ఖాళీ చేయమంటే మనం ఒక నెలో రెండు నెలలో గడువు అడుగుతాం, తకరారు పెట్టుకుంటాం, పెద్దమనుషుల్ని పిలుస్తాం. ఈ ఓనర్లతో తకరారు లేదు. ఫలానా తారీఖు అంటారు, ఆ తారీఖున తాళం పడుతుంది. అలాంటి ప్రతి మూతలోనూ నిలిచినవి, నిర్వాహకుల అంగడి బయట కూడా ఒకరినొకరు ఎరిగిన దోస్తీలే. ఫోన్ నెంబరు, ఇంటి అడ్రసు, పిల్లల పేర్లు తెలిసినవాళ్ళు ఇంకో చోట మళ్ళీ కలుసుకున్నారు. మారుపేర్లు మాత్రమే తెలిసినవాళ్ళు ఒకరికొకరు గుమ్ అయిపోయారు.

కాబట్టి ఇల్లు మారేవాళ్ళకు నా సలహాలు ఇవి. మొదటిది, ముందే ఖబర్ చెప్పండి. సామాను కట్టే హడావుడి, కొత్త ఇంట్లో ఇంటర్నెట్ కనెక్షన్ వచ్చేదాకా పడిగాపులు, పిల్లల అడ్మిషన్లు, వీటిలో రెండు మూడు వారాలు గ్రూపు వైపు చూడలేరు. ఎదుటివాళ్ళకి ఇవేవీ కనబడవు. వాళ్ళకి కనబడేది మీ ఖామోషీ ఒక్కటే. "ఇల్లు మారుతున్నా, కొన్నాళ్ళు కనబడను, నారాజ్ కాకండి" అని ఒక్క ముక్క రాయడానికి నిమిషం పట్టదు. ఆ ఒక్క ముక్క లేక ఎన్ని గలత్‌ఫహమీలు పుడతాయో!

రెండోది, గ్రూపులో ఉన్నవాళ్ళకి. దోస్తీకి హాజరు పట్టీ ఉండకూడదు. "ఆపా ఈమధ్య మమ్మల్ని మర్చిపోయింది" అని అందరి ముందూ దెప్పడం మానండి. సెలవులో ఉన్న మనిషిని "యాక్టివ్‌గా లేరు" అని గ్రూపు నుంచి తీసేయడం మరీ ఘోరం. ఒకరు ఫోన్ చేసి "సామాను అంతా సర్దుకున్నావా? తిన్నావా?" అని అడగండి, చాలు. ఊరు మారిన మొదటి నెలలో ఆ ఒక్క ఫోన్ విలువ ఎంతో మారినవాళ్ళకే ఎరుక.

మూడోది జాగ్రత్త సంగతి. వాట్సప్ గ్రూపులో 2022 నుంచి 1024 మంది దాకా ఉండొచ్చు. అంతమంది ఉన్నది మహఫిల్ కాదు, బజారు. కొత్త ఇంటి లొకేషన్, గేటు ఫోటో, పిల్లల స్కూలు పేరు బజారులో పెట్టకండి. అడ్రసు ఇవ్వాల్సినవాళ్ళకి విడిగా ఇవ్వండి. ఎవరికి విడిగా ఇవ్వాలనిపిస్తుందో వాళ్ళే మీ దోస్తులు. ఈ లెక్క ఇల్లు మారినప్పుడే తేలుతుంది.

ఆఖరిది పడోసి హక్కు. అర్ధరాత్రి అబ్బాకి ఛాతీ నొప్పి వస్తే ఆటో పిలిచేది వెయ్యి కిలోమీటర్ల దూరంలోని దోస్తు కాదు, గోడ అవతలి మనిషి. గ్యాస్ వాసన వస్తే తలుపు కొట్టేదీ ఆ మనిషే. ఫోన్లోని దోస్తులు కొత్త ఊళ్ళో తన్హాయీని భరించేలా చేస్తారు. అది వాళ్ళ ఎహసాన్. చిక్కేమిటంటే, తన్హాయీ భరించేలా ఉంటే పక్క తలుపు కొట్టడం రేపటికి వాయిదా పడుతుంది. రేపు ఎల్లుండవుతుంది. 11 నెలల అగ్రిమెంటు అయిపోతుంది, పక్కింటామె పేరు తెలియకుండానే సామాను మళ్ళీ లారీ ఎక్కుతుంది. అందుకని మొదటి వారంలోనే, ఇల్లు ఇంకా సర్దుకోకపోయినా సరే, నాలుగు గిన్నెల్లో సేమియా పోసి అటూ ఇటూ ఇచ్చి రండి. కొందరు గిన్నె తీసుకోకపోవచ్చు, తీసుకున్నా తినకపోవచ్చు. పర్వాలేదు, మీ పేరు వాళ్ళకు తెలుస్తుంది, వాళ్ళ పేరు మీకు తెలుస్తుంది. ముఖం తెలిసిన మనిషి గురించి అపోహలు పెంచుకోవడం కొంచెం ముష్కిల్.

పాత దోస్తులా, కొత్త పడోసులా అని ఎంచుకోమనే ప్రశ్నే గలత్. పాత దోస్తులు మనమెవరో గుర్తు చేస్తారు, పడోసులు మనమెక్కడున్నామో గుర్తు చేస్తారు. ఊరు మారిన మనిషికి రెండూ జరూరతే. ఎవరింట్లోనైనా కొత్తకోడలో, బదిలీ మీద వచ్చిన ఇల్లాలో వంటింట్లో నిలబడి ఫోన్లో నవ్వుతూ మాట్లాడుతుంటే "ఎప్పుడు చూసినా ఆ ఫోనేనా" అనకండి. ఆమె తన పాత మొహల్లాకి పోయి వస్తోంది. తిరిగొచ్చాక కొత్త మొహల్లాలోకి చేయి పట్టుకుని తీసుకెళ్ళే పని ఇంట్లోవాళ్ళది, పక్కింటివాళ్ళది.

ఇల్లు మారేటప్పుడు ఏ డబ్బాలో ఏముందో జాబితా రాసుకుంటాం కదా. దాని కింద పది పేర్లు, పది నెంబర్లు కూడా కాగితం మీద రాసి పెట్టుకోండి. ఫోన్ పోవచ్చు, కంపెనీ మూతపడొచ్చు. కాగితం బీరువాలో భద్రంగా ఉంటుంది.