పరిశోధన సామగ్రి ఎవరిది?

నేడు ఒక సిద్ధాంతవ్యాసము ఆమోదము పొందినంతనే దాని ప్రతి గ్రంథాలయమునకును, ఎలక్ట్రానిక్ రూపము శోధగంగకును చేరుచున్నవి. కాని ఆ వ్యాసమునకు ఆధారమైన సామగ్రి, అనగా తాళపత్రములనుండి ఎత్తి వ్రాసిన పుటలు, పాఠాంతరముల పట్టికలు, పదసూచిక కార్డులు, ధ్వనిముద్రణలు, పరిశోధకుని ఇంటి అటకమీదనే ఉండిపోవుచున్నవి. ఈ వ్యాసకర్త కార్డులును చాలకాలముగా ఒక అట్టపెట్టెలోనే ఉన్నవి. ఎవరును అడుగలేదు, నేనును ఈయలేదు. ఈ ఆచారము మారవలెనని నా అభిప్రాయము.

గ్రంథపరిష్కరణమున ఈ లోపము సుస్పష్టము. పరిష్కర్త తాను గ్రహింపని పాఠమును "పాఠాంతరము" అని మాత్రమే సూచించినచో, అది ఏ ప్రతిలోనిదో, ఎన్ని ప్రతులు దానిని సమర్థించుచున్నవో తరువాతివారికి తెలియదు. పుణెలోని భండార్కర్ ప్రాచ్యపరిశోధన సంస్థ 1919లో ఆరంభించి 1966లో ముగించిన మహాభారత పరిష్కరణమున పుటల అడుగున ప్రతుల సంకేతములతో పాఠభేదములు కలవు. సంపాదకులతో ఏకీభవింపనివారును ఆ సామగ్రితోనే తమ వాదమును నిరూపించుకొనవచ్చును. తెలుగున సి.పి. బ్రౌను (1798-1884) పండితులచేత ప్రతులు వ్రాయించి, పాఠములను పోల్పించెను. ఆయన సేకరించిన ప్రతులు చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమునకు చేరినందుననే తరువాతి పరిష్కర్తలకు ఉపకరించినవి.

"మా శ్రమఫలమును ఇతరులు తమదిగా ప్రకటించుకొందురు" అను భయము నిరాధారము కాదు. అందుకు సామగ్రిని దాచుట పరిహారము కాదు. సమర్పించిన పిదప రెండు మూడేండ్లు సేకర్తకే ప్రథమాధికారము ఉండవలెను. ఆపైన వాడుకొనువారు సేకర్త పేరును విధిగా పేర్కొనవలెను. అట్లే సమస్తమును బహిరంగపరచుటయు తగదు. ఇంటి తాళపత్రములను నమ్మి చూపిన కుటుంబముల వివరములు, పాడి వినిపించిన కళాకారుల ధ్వనిముద్రణలు వారి సమ్మతి మేరకే వెలువడవలెను. ఆ సమ్మతిని సేకరణ సమయముననే వ్రాతపూర్వకముగా పొందుట యుక్తము.

సమర్పించు సామగ్రితో ఒక వివరణపత్రము ఉండవలెను. ప్రతి ఉన్న స్థలము, సంఖ్య, లిపి, లోపించిన పత్రములు, చూచిన తేది, వాడిన సంకేతములు అందు తెలుపవలెను. పూర్వపు లేఖకులు ప్రతి చివర తమ పేరును, సంవత్సరతిథులను వ్రాసియుంచిరి. మనము అంతకంటె తక్కువ చేయరాదు. కంప్యూటరులోని పాఠములు యూనికోడ్‌లో ఉండుట అవసరము. ప్రత్యేక ఫాంట్లలో టైపుచేసిన ఫైళ్లు ఆ ఫాంట్లు లేనిచోట చదువుటకు వీలుపడవు. ప్రతులను కనీసము రెండు వేర్వేరు స్థలములందు భద్రపరుపవలెను.

ఇందుకు ప్రతి కళాశాల గ్రంథాలయమున ఒక బీరువా, ఒక నమోదు పుస్తకము, బాధ్యుడైన ఒక అధ్యాపకుడు ఉన్నచో ఆరంభమునకు చాలును. మనము చూచి వ్రాసికొన్న తాళపత్రము రేపు పురుగుల పాలు కావచ్చును. అప్పుడు అటకమీది మన నోటుపుస్తకమే ఆ గ్రంథమునకు మిగిలిన ఏకైక ప్రతి యగును.