తాడుకు ఆ కొసన ఉన్నవాడు

కొండ మీదనుండి లేచినదే అసలైన ఎగరడమనీ, యంత్రంతో లాగించుకుని లేచినది సగం ఎగరడమేననీ పారాగ్లైడింగ్ చేసేవారిలో ఒక చిన్నచూపు ఉంది. మొన్న ఒక మిత్రుడు నాతో ఆ మాటే అన్నాడు. అప్పటికి నవ్వి ఊరుకున్నాను కానీ ఆ మాటతో నాకు పేచీ ఉంది.

ముందుగా ఆ యంత్రం సంగతి. ఇంగ్లీషులో దాన్ని టో వించ్ అంటారు. తెలుగులో ఏమనాలా అని కొంతసేపు తలపట్టుకున్నాను. గిలక అందామంటే, గిలక తాను లాగదు, లాగేది మన చెయ్యి. రాట్నం అంటే గాంధీగారు గుర్తుకొస్తారు. కనుక వించ్ అనే అంటాను. మైదానం ఒక చివర ఒక ఇంజను, దానికి తాడు చుట్టుకునే డ్రమ్ము. సుమారు కిలోమీటరు పొడవున తాడును రెండో చివరదాకా పరుస్తారు. అక్కడ రెక్క పరచుకుని నిలబడ్డ మనిషి తాడు కొసను తన నడుము ముందున్న కొక్కేనికి తగిలించుకుంటాడు. డ్రమ్ము తిరుగుతుంది, అతడు నాలుగడుగులు పరుగెత్తుతాడు, నేల విడుస్తుంది. మూడు నాలుగు వందల మీటర్ల ఎత్తు చేరాక కొక్కెం విప్పుకుని తన దారిన తాను పోతాడు. దారం తెగితే గాలిపటం పని అయిపోయినట్టే. ఇక్కడ తాడు వదిలాకే ఎగరడం మొదలవుతుంది.

నేనిది మొదటిసారి చూసింది నెదర్లాండ్స్‌లో. ఐరోపాలోని ఆ దేశపు నేలమీద అత్యున్నత స్థలం వాల్సర్‌బర్గ్, 322 మీటర్లు. అదీ జర్మనీ, బెల్జియం సరిహద్దులు కలిసే మూలన ఉంది. అక్కడివారికి ఎగరాలని ఉంటే కొండను వెతుక్కుంటూ పరదేశం పోవాలి, లేదా తాడు కట్టుకోవాలి. ఇందులో చిన్నతనం ఏముందో నాకు అర్థం కాదు. ఓటో లిలియెంతాల్ 1894లో బెర్లిన్ శివార్లలో తన కోసం 15 మీటర్ల మట్టిగుట్ట పోయించుకున్నాడు. మట్టి పోయించుకోవడం ఘనకార్యమై, తాడు కట్టుకోవడం లోపమైందా? ఇప్పటి హ్యాంగ్ గ్లైడరుకు మూలపురుషుల్లో ఒకడైన జాన్ డికెన్సన్ 1963లో ఆస్ట్రేలియాలోని గ్రాఫ్టన్‌లో ఎగిరించిన రెక్కను లాగినది మోటారు పడవ. కొండ ఊసే లేదు. 2021 జూన్‌లో సెబాస్టియన్ కైరూజ్ టెక్సాస్ మైదానంలో తాడుతో లేచి, పారాగ్లైడర్ మీద 600 కిలోమీటర్లకు పైగా వెళ్ళాడు. తాడు సాయం పట్టింది కొన్ని వందల మీటర్ల ఎత్తుకు. మిగిలినదంతా ఎవరి ఖాతాలో వేద్దాం?

అయితే ఈ పద్ధతిలో ఒక ప్రమాదం ఉంది, అది కొండకు లేదు. రెక్క తాడు దిశనుండి పక్కకు తొలగిందనుకోండి. తాడు లేనప్పుడైతే మనిషి బరువు లోలకంలా ఊగి మళ్ళీ సరి అవుతుంది. తాడు ఉంటే అది పక్కనుంచి లాగి రెక్కను ఇంకా వాల్చుతుంది. వాలినకొద్దీ లాగుడు, లాగినకొద్దీ వాలు. దీనినే లాకౌట్ అంటారు. నేలకు దగ్గరగా అయితే దిద్దుకునే వ్యవధి క్షణాలలోకి వచ్చేస్తుంది. అందుకే జాగ్రత్తలు ఒకదానిమీద ఒకటి పేర్చి పెట్టారు. ఎగిరేవాడు ఎప్పుడైనా విప్పుకోగల కొక్కెం, లాగుడు హద్దు మీరితే తనంత తానే తెగిపోయే బలహీనమైన లంకె, ఏదీ పనిచేయకపోతే వించ్ దగ్గర తాడును కోసే కత్తి. వీటన్నిటికంటే పెద్ద జాగ్రత్త వించ్ నడిపే మనిషి.

ఆ రోజు ఒక విద్యార్థి లేచాడు. ముప్పై నలభై మీటర్లు ఎక్కి ఉంటాడేమో, రెక్క ఎడమకు తిరగసాగింది. నా కంటికది మామూలు మలుపులాగే ఉంది. వించ్ నడిపే పెద్దాయన మాత్రం చటుక్కున లాగుడు తగ్గించేశాడు. తాడు సడలింది, రెక్క సరి అయింది, కుర్రవాడు విప్పుకుని ఎదురుగా గడ్డిలో దిగాడు. దిగి, "నేను సరిచేసుకునేవాణ్ణి, అనవసరంగా ఆపేశారు" అని రుసరుసలాడాడు. ఆయన జవాబు చెప్పలేదు. తాడు మళ్ళీ పరిపించుకున్నాడు.

ఆ రోజంతటిలో నేను చూసిన ఉత్తమమైన పని అదేనని ఇప్పటికీ అనుకుంటాను. కిలోమీటరు దూరాన చిన్న చుక్కలా కనబడే రెక్కను చూస్తూ, డ్రమ్ము మీది బరువును గమనిస్తూ, ఎదుటివాడి ఆశను కాదని నిర్ణయం తీసుకోవాలి. నాటకంలో సూత్రధారి ముందు వచ్చి కనబడతాడు. ఈ సూత్రధారిని మాత్రం ఎవరూ చూడరు, ఫోటోలో కూడా ఉండడు. జర్మనీలో వించ్ నడిపేవాడికీ ప్రత్యేక శిక్షణ, అర్హతపత్రం ఉండాలి. ఎగిరేవాడికీ వించ్ మీద లేవడంలో వేరే శిక్షణ అవసరం. అది సబబు.

జీపుకో పడవకో తాడు కట్టి యాత్రికులను గాలిలోకి లేపే పారాసెయిలింగును కొందరు దీనితో కలిపి మాట్లాడతారు. అందులో పైనున్నవాడి చేతిలో ఏమీ ఉండదు, విప్పుకునే వీలు ఉండదు, విప్పుకున్నా ఎగరగలిగే విద్య ఉండదు. 2021 నవంబరులో డయ్యూ తీరాన అలా తాడు తెగి ఒక జంట సముద్రంలో పడ్డారు. లైఫ్ జాకెట్లు కాపాడాయి. తాడు ఉన్నంత మాత్రాన రెండూ ఒకటి కావు. వించ్ విషయంలో తాడుకు రెండు కొసలా వదిలే అధికారం ఉంది, వదలడం తెలిసిన మనిషీ ఉన్నాడు.

కొండ మీద ఎగిరేవాడు తనను తాను నమ్ముకుంటే చాలు. ఇక్కడ మరొకణ్ణి కూడా నమ్మాలి, ఆ మరొకడు దానికి తగినవాడై ఉండాలి. దీన్ని సగం అంటే నేను ఒప్పుకోను. మా మిత్రుణ్ణి ఒకసారి అక్కడికి తీసుకువెళ్ళాలని ఉంది, రెక్కల దగ్గరికి కాదు. వించ్ పక్కన ఒక పూట నిలబెడతాను.