కొత్త గుండెకు కొవ్వు మాత్ర ఎందుకు?

ప్రశ్న: మా తమ్ముడికి హైదరాబాదులో గుండె మార్పిడి ఆపరేషన్ జరిగి పద్నాలుగు నెలలైంది. మనిషి బాగానే తిరుగుతున్నాడు. మొన్న రక్త పరీక్షలో కొవ్వు ఎక్కువగా ఉందన్నారు. శరీరం కొత్త గుండెను తిప్పికొడుతున్నదనడానికి ఇది గుర్తా? కొవ్వు మాత్ర వల్ల ఒళ్లు నొప్పులు వస్తాయని ఎవరో చెబితే పది రోజులుగా మానేశాడు. ఏం చేయమంటారు?
– ఒక సోదరుడు, రుద్రంగి

జవాబు: ముందు చేయవలసిన పని చెబుతాను. ఇది చదివిన రోజే ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి ఫోను చేసి, మాత్ర మానేసిన సంగతి దాచకుండా చెప్పండి. వారు చెప్పిన మోతాదులో మళ్లీ మొదలుపెట్టించండి.

ఇక మీ సందేహం. కొవ్వు పెరగడం తిరస్కరణకు గుర్తు కాదు. శరీరం పరాయి గుండెను శత్రువుగా చూస్తుంది. ఆ దాడిని అణచడానికి ఇచ్చే సైక్లోస్పోరిన్, ప్రెడ్నిసలోన్ వంటి మందులే రక్తంలో కొవ్వును పెంచుతాయి. అలాగని వాటిని తగ్గించుకుంటే అసలుకే మోసం. 1967లో కేప్‌టౌన్‌లో డాక్టర్ బెర్నార్డ్ మొదటి గుండె మార్పిడి చేసినప్పుడు రోగి 18 రోజులే బతికాడు. అణచివేత మందుల వల్ల నిరోధక శక్తి తగ్గి, న్యుమోనియాతో పోయాడు. సైక్లోస్పోరిన్ వచ్చాకే ఈ ఆపరేషన్ నిలదొక్కుకుంది. మన దేశంలో తెలుగువాడైన డాక్టర్ వేణుగోపాల్ 1994 ఆగస్టు 3న ఢిల్లీలో దీన్ని విజయవంతంగా చేశారు.

తిరస్కరణ రెండు రకాలు. మొదటిది ఎక్కువగా తొలి ఏడాదిలో వస్తుంది. మెడ నరం గుండా సన్నని తీగ పంపి, గుండె నుంచి చిన్న ముక్క తీసి పరీక్షిస్తేనే అది నిర్ధారణ అవుతుంది. రెండవది మెల్లగా, ఏళ్ల తరబడి సాగుతుంది. కొత్త గుండె రక్తనాళాలు పొడవునా దళసరెక్కి సన్నబడతాయి. కొవ్వు దీనికి తోడవుతుంది. పైగా మార్పిడిలో గుండెకు వెళ్లే నాడులు తెగిపోతాయి కనుక, నాళం మూసుకుపోతున్నా చాలామందికి ఛాతీనొప్పి తెలియదు. నొప్పి లేదు కదా అని ధీమాగా ఉండరాదు. ఆయాసం, నీరసం, కాళ్ల వాపు, ఉన్నట్టుండి బరువు పెరగడం, జ్వరం కనిపిస్తే వెంటనే వెళ్లాలి.

కొవ్వు మాత్ర విలువ ఇక్కడే ఉంది. 1995లో లాస్ ఏంజిల్స్ డాక్టర్లు గుండె మార్పిడి జరిగిన 97 మందిని పరిశీలించారు. ప్రవాస్టాటిన్ తీసుకున్నవారిలో ఏడాది తర్వాత నూటికి 94 మంది, తీసుకోనివారిలో 78 మంది జీవించి ఉన్నారు. గుండె పనిని దెబ్బతీసే తీవ్రమైన తిరస్కరణ కూడా మాత్ర వేసుకున్నవారిలోనే తక్కువ. ఈ మాత్ర కొవ్వును తగ్గించడమే కాక, దాడి చేసే కణాలను కొంత శాంతింపజేస్తుందని భావిస్తున్నారు. అందుకే కొవ్వు మామూలుగా ఉన్నా ఇస్తారు.

ఒళ్లు నొప్పుల మాట పూర్తిగా అబద్ధం కాదు. సైక్లోస్పోరిన్‌తో కలిస్తే కొన్ని కొవ్వు మాత్రలు రక్తంలో మోతాదు మించుతాయి. అందుకే రకమూ మోతాదూ ఆ డాక్టర్లే నిర్ణయించాలి. దుకాణంలో మరో మాత్ర మార్చి తీసుకోకండి. కండరాలు విపరీతంగా నొప్పిపెట్టినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా అదే రోజు చూపించాలి.

కొన్ని జాగ్రత్తలు:

1. జ్వరానికో, నొప్పులకో ఊళ్లో ఎవరి దగ్గరికి వెళ్లినా ముందు గుండె మార్పిడి సంగతి చెప్పాలి. ఎరిత్రోమైసిన్ వంటి మందులు సైక్లోస్పోరిన్‌ను పెంచుతాయి. క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్ తగ్గిస్తుంది. నొప్పి మాత్రలు మూత్రపిండాలను దెబ్బతీస్తాయి.
2. నాటు మందులు, పంపరపనస జాతి పండ్లు వద్దు.
3. నూనెలో వేగిన సకినాలు, గారెలు పండుగనాడు రుచికి ఒకటి చాలు. వేట మాంసంలోని కొవ్వు తీసేయాలి. మక్క గట్క, జొన్న రొట్టె, పప్పు, ఆకుకూరలు మంచివి.
4. బీడీ, కల్లు, సారా పూర్తిగా మానాలి. డాక్టరు ఒప్పుకుంటే రోజూ అరగంట నడవాలి.

ఖర్చు భారమైతే మందు మానకండి. ఆరోగ్యశ్రీ కింద ఏ సాయం దొరుకుతుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. ఎవరో తల్లిదండ్రులు కడుపుకోతలోనూ ఒప్పుకుని ఇచ్చిన గుండె అది. ఒక మాత్ర మరిచి దాన్ని పోగొట్టుకోరాదని మీ తమ్ముడికి నా మాటగా చెప్పండి.