మండపం గదికి కర్లర్ కొనే ముందు ఒక మాట

పోస్టు కాస్త పెద్దదే అవుతుంది, తీరిక దొరికినప్పుడు చదవండి.

నాలుగు రోజులుగా మన గ్రూపులో నడుస్తున్న సంగతి అందరికీ తెలుసు. మండపంలో పెళ్ళికూతురి గదికి అద్దం, లైట్లు, ఇస్త్రీ పెట్టె అయ్యాయి, ఇప్పుడు ఒక హెయిర్ కర్లర్ కూడా కొని పెడదామని మహిళా విభాగం వాళ్ళు అడిగారు. కొందరు పెద్దలు "సంఘం డబ్బుతో జుట్టు రింగులు తిప్పుకునే మెషినా?" అని నవ్వారు. బళ్ళారి రాఘవ గారు వేషాలు కట్టిన జిల్లా మనది, స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని ఆయన ఆ రోజుల్లోనే పట్టుబట్టారు. అలాంటి చోట ఆడపిల్ల ముస్తాబుకి నవ్వడం ఎందుకో నాకైతే అర్థం కాలేదు. సరే, ఆ మాట పక్కన పెడదాం.

కొనడానికి నేను ఒప్పుకుంటాను. గ్రూపులో పెట్టిన ఫోటోలోని ఆటోమేటిక్ మెషిన్‌కి మాత్రం ఒప్పుకోను. చాలామంది మెచ్చుకున్న వాండ్‌కి అసలే ఒప్పుకోను. ఎందుకంటే ఆ గదిలో దాన్ని వాడేది పని నేర్చిన బ్యూటీషియన్ కాదు. బళ్ళారి నుంచో సిరుగుప్ప నుంచో పార్లర్ అమ్మాయిని పిలిపించుకోగలిగిన వాళ్ళు ఆమె సామాన్లు ఆమెనే తెచ్చుకోమంటారు. మనం కొన్నది పట్టుకునేది అక్కో, వదినో, పిన్నో. తెల్లవారుజామున నాలుగింటికి, నిద్ర కళ్ళతో, జీవితంలో మొదటిసారి.

నా సంగతే చెబుతాను. మూడేళ్ళ కింద మా తమ్ముడి కూతురి నిశ్చితార్థం. పాప బెంగళూరు నుంచి ఒక వాండ్ తెచ్చుకుంది. వాండ్ అంటే క్లిప్ లేని వట్టి కడ్డీ, జుట్టు పాయని చేత్తో దాని చుట్టూ చుట్టి కొస పట్టుకొని ఉండాలి. "అత్తా, నువ్వే వెయ్యి" అంది. వీడియో చూపించింది. వీడియోలో పిల్ల పది నిమిషాల్లో అయ్యిందనిపించింది. నేనూ మొదలుపెట్టాను. మూడో పాయకి కొస నా వేళ్ళలోంచి జారింది, పట్టుకోబోయి కడ్డీని పాప మెడకి ఆనించాను. ఒక్క క్షణమే. చెవి కింద రెండంగుళాల పొడుగు కాలింది. ఇంట్లో ఎవరో టూత్‌పేస్ట్ పూశారు, ఇంకెవరో పసుపు అన్నారు. ఆ రోజు ఫోటోలన్నిటిలో పాప తల ఒక పక్కకే తిప్పుకొని ఉంటుంది. తను ఏమీ అనలేదు. నాకే ఆ ఆల్బమ్ తెరవడానికి చెయ్యి రాదు.

కాలితే చెయ్యాల్సింది కుళాయి కింద పెట్టి మామూలు చల్లటి నీళ్ళు ఇరవై నిమిషాలు పోయనివ్వడం. ఐస్ వద్దు, పేస్ట్ వద్దు, పసుపు వద్దు. ఇది నేను తర్వాత తెలుసుకున్నాను. ఏ కర్లర్ కొన్నా ఈ మాట కాగితం మీద రాసి ఆ గది గోడకి అంటించాలని నా మనవి.

తర్వాత పంతం కొద్దీ క్లిప్ ఉన్న మామూలు కర్లర్ ఒకటి కొని ఇంట్లో నేర్చుకున్నాను. తేడా అప్పుడు తెలిసింది. క్లిప్ జుట్టు కొసని తనే పట్టుకుంటుంది. మన పని పిడి తిప్పడమే. కడ్డీ చివర వేడెక్కని ప్లాస్టిక్ మొన ఉంటుంది, రెండో చెయ్యి అక్కడ పెట్టుకోవచ్చు. వేళ్ళు వేడి దగ్గరికి పోవాల్సిన పనే లేదు. ఒక లోపం ఉంది, దాచను: కొస సరిగ్గా పెట్టకపోతే క్లిప్ గీత పడి జుట్టు మడత పెట్టిన కాగితంలా కనిపిస్తుంది. మళ్ళీ తడిపి వేసుకుంటే పోతుంది. మెడ మీద మచ్చ అలా పోదు.

వాండ్‌తో రింగులు అందంగా వస్తాయని మన పిల్లలు అన్నది నిజమే. చేయి తిరిగిన వాళ్ళకి. గ్లవ్ వేసుకుంటే చాలంటున్నారు. ఆ గదిలో పెట్టిన దువ్వెనలే రెండు నెలలు ఉండవు, గ్లవ్ ఎక్కడ ఉంటుంది?

ఇక ఆటోమేటిక్. పాయని గూట్లో పెట్టి బటన్ నొక్కితే అదే లాక్కొని చుట్టి, కొన్ని సెకన్లకి వదులుతుంది. మొదటిసారి వాడే వాళ్ళకి ఇదే సులువు అని అమ్మేవాళ్ళు చెబుతారు. సన్నటి పాయ, చిక్కు లేని జుట్టు అయితే నిజంగానే సులువు. మన పిల్లల జుట్టు ఎలా ఉంటుంది? ఒత్తుగా, నడుము దాకా, బోరు నీళ్ళకి బిరుసెక్కి. పాయ కాస్త లావైనా, లోపల చిక్కున్నా అది ఆగిపోతుంది. జుట్టు లోపల ఇరుక్కుంటుంది. బయట మేళం మోగుతుంటే, లోపల పెళ్ళికూతురి తలకి మెషిన్ వేలాడుతుంటే, ఏ వదిన చేతులు వణక్కుండా ఉంటాయి? పైగా ధర రెట్టింపు, పాడైతే బాగుచేసే వాళ్ళు మన చుట్టుపక్కల లేరు.

సైజు గురించి ఎవరూ మాట్లాడలేదు, అసలు గొడవ అక్కడే. కడ్డీ లావు 19, 25, 32 మిల్లీమీటర్లు, అలా దొరుకుతాయి. 32 తో పెద్ద పెద్ద అలలు వస్తాయి, ఒత్తు జుట్టు బరువుకి తాళి కట్టే లోపే సాగిపోతాయి. 19 తో మరీ స్ప్రింగుల్లా అవుతాయి. 25 తీసుకుంటే రింగు నిలబడుతుంది, విప్పి దువ్వితే అల అవుతుంది. నడుము దాకా ఉన్న జుట్టుకి కింద సగం మాత్రం వేసుకున్నా చాలు, పైన ఎలాగూ పూలూ పాపిట బిళ్ళా ఉంటాయి.

వేడి మార్చుకునే వీలు తప్పకుండా ఉండాలి. ఆన్, ఆఫ్ మాత్రమే ఉన్న చవక రకం వద్దు. పలచటి జుట్టుకీ రంగు వేసిన జుట్టుకీ 150 డిగ్రీల లోపే చాలు, మామూలు జుట్టుకి 160 నుంచి 180, బాగా ఒత్తు బిరుసు జుట్టుకి 200 దాకా. అంతకు మించితే జుట్టే కాలుతుంది. 1870ల్లో పారిస్‌లో మార్సెల్ గ్రాతో అనే మంగలి మంట మీద పటకారు కాచి అలలు తిప్పేవాడు. ఆ కాలంలో పటకారుని ముందు కాగితం మీద ఆనించి చూసేవాళ్ళట, కాగితం కమిలితే ఇంకా చల్లారాలని. ఇప్పుడు ఆ కాగితం పని డయల్ చేస్తుంది. డయల్ లేని మెషిన్ కొంటే మనం 150 ఏళ్ళు వెనక్కి పోయినట్టే, కాగితం కూడా లేకుండా.

రింగు ఎందుకు నిలుస్తుందో తెలిస్తే సగం తప్పులు జరగవు. వేడికి జుట్టు లోపలి చిన్న చిన్న బంధాలు సడలుతాయి, చల్లారేటప్పుడు కొత్త వంపులో మళ్ళీ కుదురుకుంటాయి. అందుకే పాయ విప్పిన వెంటనే దువ్వకూడదు, అరచేతిలో పట్టుకొని చల్లారనివ్వాలి. తడి తగిలితే ఆ బంధాలు మళ్ళీ విడిపోతాయి, వానాకాలం పెళ్ళిళ్ళలో రింగులు జారేది అందుకే. తడి జుట్టు మీద కర్లర్ పెడితే లోపలి నీరు ఆవిరై జుట్టునే పాడుచేస్తుంది. కొబ్బరి నూనె తలకి వేడి తగిలితే పొగ వస్తుంది. ముందు రోజు తలంటు పోసుకొని నూనె పెట్టకుండా రమ్మని పెళ్ళివారికి ముందే చెప్పాలి. స్ప్రే కొట్టాలంటే కర్లర్ దూరంగా పెట్టాకే, ఆ డబ్బాలోది అంటుకునే సరుకు.

కరెంటు సంగతి. అమెరికా నుంచి వచ్చిన బంధువుల కర్లర్ ఎవరైనా దానం ఇస్తామంటే, దాని మీద చిన్న అక్షరాలు చదవండి. 100–240 వోల్టులు అని ఉంటే సరే. 120 అని మాత్రమే ఉంటే మన 230 మీద పెట్టొద్దు. పిన్ మార్చే అడాప్టర్ వోల్టేజి మార్చదు. దాదాపు నాలుగింతల వేడి పుట్టి నిమిషాల్లో కాలిపోతుంది. మామూలు కర్లర్ వంద వాట్ల లోపే లాగుతుంది, కాబట్టి కరెంటు పోయినా మండపం యూపీఎస్ మీద నడుస్తుంది. హెయిర్ డ్రయర్ అయితే నడవదు, దాన్ని ఆ బోర్డులో పెట్టి ఫ్యాన్లు ఆపొద్దు. దానంతట అదే ఆగిపోయే ఏర్పాటు ఉన్నదే తీసుకోవాలి. పట్టుచీరలున్న గదిలో, ముహూర్తం హడావిడిలో, ఆఫ్ చేశామా లేదా అని ఎవరికి గుర్తుంటుంది?

ఏ కంపెనీది అని నన్ను అడగకండి. పైన చెప్పినవన్నీ ఉన్నవి రెండు వేల లోపే దొరుకుతాయి, బిల్లు, వారంటీ కార్డు కోశాధికారి గారి దగ్గర ఉంచితే చాలు.

ఇంకొకటి, దీని మీద కోపం వచ్చే వాళ్ళు ఉంటారని తెలుసు. పన్నెండేళ్ళ లోపు పిల్లలకి ఆ గదిలో కర్లర్ పెట్టకూడదని నియమం పెట్టాలి. పసిపిల్లలు కదలకుండా కూర్చోరు. మా చిన్నప్పుడు మా అమ్మ రాత్రి కొంచెం తడి జుట్టుకి ఎనిమిది సన్న జడలు వేసి పడుకోబెట్టేది. పొద్దున విప్పితే తలంతా అలలే. ఖర్చు లేదు, కాలేది లేదు. ఉగాది డాన్సు పిల్లలకి అది చాలు.

ఆదివారం మీటింగ్‌కి నా క్లిప్ కర్లర్ తెస్తాను. ప్లగ్ పెట్టకుండా, చల్లగా ఉండగానే, ఒకరి జుట్టు ఒకరు పది సార్లు చుట్టి చూడండి. నేను నేర్చుకున్నది కూడా అలాగే. మీ ఇంట్లో వాండ్ ఉంటే అదీ తీసుకురండి, చల్లగానే రెండూ పక్కపక్కన పెట్టి చూసి, ఆ తర్వాతే చేతులెత్తండి.