తిథి తెలియని మన వారి కొరకు ఒక విజ్ఞప్తి



మన తాతల కాలమున ‘రంగము’, అనగా రంగూను, అన్న మాట ఎరుగని పల్లె తీరాంధ్రమున అరుదు. కాకినాడ, విశాఖపట్టణము, భీమునిపట్టణము రేవులలో పొగయోడ నెక్కి, బర్మాలోని రంగూను బియ్యపు మిల్లులలోను ఓడరేవులోను చెమటోడ్చి, నాలుగు రూకలు కూడబెట్టుకొని తిరిగివచ్చినవారి కథలు నేటికిని మన అరుగులమీద వినబడుచుండును. కాని అదే బర్మాకు తుపాకి పట్టియో, సేనలకు బాటలును వంతెనలును నిర్మించుటకై పలుగు పార పట్టియో పోయి, 1942 మొదలు 1945 వరకు సాగిన ఘోరసంగ్రామమున ఒరిగిపోయినవారిని గూర్చి మనము చెప్పుకొనునది మిక్కిలి స్వల్పము.

రంగూనుకు ఉత్తరమున, ప్రోముకు పోవు రహదారి చెంత, తౌక్యాన్ అను చోట 6,000కు పైగా సైనికుల సమాధులు గల రుద్రభూమి యొకటి కలదు. దాని నడుమ 1958లో ఆవిష్కృతమైన స్మారకమందు, సమాధియైనను దక్కని దాదాపు 27,000 మంది యోధుల నామములు, దళముల వారీగా, బారులు తీరిన శిలాస్తంభములపై చెక్కబడి యున్నవి. చేయి చాచినచో అక్షరపు లోతు వ్రేలికొనకు తగులును. అందు భారతీయ సైనికులు పెక్కుమంది కేవలము ఒంటిపేరుతోనే నిలిచియున్నారు. ఒక్క ఊరిలో నలుగురు అప్పన్నలున్నచో వారిని వేరుచేయునది ఇంటిపేరే గదా! నాటి మద్రాసు రాజధానిలోని మన జిల్లాల నుండి సైన్యమున చేరినవారిని ఆ రాతిమీద మనవారిగా గుర్తించుట పరుల తరము కాదు. అది మన ఇంటివారు మాత్రమే చేయదగిన పని.

కావున నా మనవి ఇది. అటకమీది రేకుపెట్టెను ఒక్కసారి దింపుడు. అందు ఆరు కొనల పసుపువన్నె నక్షత్రమును, నడుమ ఎఱ్ఱని చారయు ఇరుప్రక్కల నీలమును గల పట్టీయును దొరకినచో, అది బర్మా యుద్ధమునకు ఇచ్చిన పతకమని గ్రహింపుడు. పాత జాబులలో, పింఛను కాగితములలో దళము పేరును, సైనిక సంఖ్యయు వెదకుడు. ఆ సంగతులెరిగిన వృద్ధులు నానాటికి తరిగిపోవుచున్నారు. వారిని నేడే అడిగి వ్రాసికొనుడు. పిమ్మట కామన్వెల్తు యుద్ధసమాధుల సంఘమువారి జాబితాలతో సరిచూడుడు. అవి అంతర్జాలమున ఎల్లరకు ఉచితముగా లభించును. తెలుగు పేరును ఆంగ్లాక్షరములలో పలు తీరుల వ్రాసియుందురు గనుక, ఒక తీరున కానరానంతమాత్రమున నిరాశ వలదు. కొందరి వివరములలో తండ్రి పేరును, స్వగ్రామమును సైతము కానవచ్చును. దొరకిన పేరును ఇంటిపేరుతో సహా ఊరి బడిగోడమీద వ్రాయింపుడు.

మరణతిథి తెలియనివారికి మహాలయ అమావాస్యనాడు తిలోదకము విడుచుట మన ఆచారము. కాని ఆ సంఘమువారి జాబితాలో పేరుతోబాటు మరణించిన తేదీయు సాధారణముగా ఉండును. పంచాంగము తిరుగవేసినచో తిథి తేలును. ముస్లిము, క్రైస్తవ సోదరులును తమ తమ ధర్మము ననుసరించి ఆ దినమున ప్రార్థన సలుపవచ్చును. కొడుకు ఏనాడు పోయెనో తెలియకయే కన్నుమూసిన తల్లులకు మనము తీర్పవలసిన ఋణమిది. పరదేశపు రాతిమీద ఒంటిపేరుతో నిలిచిన ఆ పుత్రుని, అతని తిథినాడు, గోత్రనామములతో, ఇంటిపేరుతో, ఒక్కమారు పిలువుడు.