అదురువలన విద్యుత్తు: సంఘధనము వెచ్చింపవచ్చునా?



విజయవాడ రస్తాకు చేరువనున్న మన్సూరాబాదు ఒకప్పుడు చెరువును పొలములును గల పల్లె. నేడు నగరములో గలసిపోయినది. హయత్‌నగరు, చౌటుప్పల్ వైపు రైతులు మాత్రము నేటికిని ఆ రస్తామీదనే కూరగాయల బండ్లతో నగరము ప్రవేశించుచున్నారు. ఎల్.బి. నగరు కూడలిలో క్షణకాలము నిలిచినవారికి, బరువు లారీ పోవునపుడు కాళ్లక్రింద నేల అదరుట తెలియును. పైని 2018 సెప్టెంబరులో అచటివఱకు వచ్చిన మెట్రో రైలు వేఱొక మ్రోత. ఇంత అదురు వ్యర్థముగా పోవుచున్నదే, దీనిని విద్యుత్తుగా మార్చి మన బావుల మోటారులకు తెచ్చుకొనరాదా యని సభ్యులు కొందఱు అడుగుచున్నారు. అట్టి పలకలు అమ్మెదమని చెప్పువారును బయలుదేరినారు. సంఘనిధినుండి సొమ్ము పెట్టవలెనని సూచనయు వచ్చినది. ఆ సొమ్ము మన వాటాల సొమ్ము గనుక నా అభిప్రాయము దాచక వ్రాయుచున్నాను.

మూలసూత్రము అబద్ధము కాదు. 1880లో ఫ్రాన్సు దేశమున జాక్ క్యూరీ, పియర్ క్యూరీ యను సోదరులు కొన్ని స్ఫటికములను నొక్కినచో వాని ముఖములమీద విద్యుత్తు పొడసూపునని కనుగొనిరి. అందొకటి మన చెలకలలో నాగలికి తగులు పలుగురాయి జాతిదే. నేడు సీసము, జిర్కోనియము, టైటానియము గలిపి కాల్చిన ఒకవిధమైన పింగాణి ఈ పనికి ఎక్కువగా వాడుకలో నున్నది. ఎల్.బి. నగరునకు దూరము కాని కంచన్‌బాగులో, రక్షణశాఖవారి లోహ పరిశోధనాలయమునందు సయితము ఈ జాతి పింగాణిపై పరిశోధనలు జరిగినవి. అంతదూర మేల? మీ యింట గ్యాసుపొయ్యి వెలిగించు లైటరులో నున్నదియు ఇదే. మీట నొక్కగా లోపలి చిన్న సుత్తి ఆ పింగాణిని కొట్టును. వేలకొలది వోల్టులు పుట్టి రవ్వ ఎగురును. (చెకుముకిరాయి నిప్పు వేఱు, అది ఉక్కునుండి రాలు రవ్వ.)

మోసపోవుట కెడము ఇచ్చటనే గలదు. వోల్టులు వేలైనను శక్తి చిటికెడే. తాటిచెట్టంత ఎత్తునుండి పడినను ఒక చుక్క నీరు మడిని తడుపదు గదా. అమ్మజూపువారు వోల్టుల లెక్క చెప్పుదురు, దీపము తళుక్కుమనిపింతురు. యూనిట్ల లెక్క చెప్పరు.

ఆ లెక్క మనమే వేయుదము. అరువది కిలోల మనుష్యుడు పలకపై అడుగిడగా అది అయిదు మిల్లీమీటర్లు క్రుంగినదనుకొనుడు. దానివలన దొరకు శక్తి సుమారు 3 జౌలులు. ఒక యూనిటు విద్యుత్తునకు 36 లక్షల జౌలులు కావలెను. అనగా చుక్కయైన నష్టము లేక శక్తి యంతయు విద్యుత్తుగా మారినను, ఒక్క యూనిటునకు 12 లక్షల అడుగులు! అయిదు హార్సుపవరు మోటారు గంటసేపు నడచుటకు నాలుగు యూనిట్లు పట్టును. అది దాదాపు అర్ధకోటి అడుగుల మాట. చదరపు మీటరు సౌరఫలకమును మంచి యెండలో కప్పుమీద నుంచినచో, ఎవ్వరును త్రొక్కకయే, దినమునకు దాదాపు ఒక యూనిటు నిచ్చును.

జపానువారు 2006లోను, 2008లోను టోకియో స్టేషనులో టిక్కెట్టు ద్వారములయొద్ద ఇట్టి పలకలు పఱచి పరీక్షించిరి. ఎంతటి జనసమ్మర్దము గల స్టేషనో చెప్పనక్కఱలేదు. అయినను రైళ్లను నడుపుటకు వారు ఆ పలకలను నమ్ముకొనలేదు.

మనుష్యుల అడుగులు చాలకున్న లారీల బరువు చాలదా యందురు. దమ్ముచేసిన మడిలో నడచు ఎడ్లను చూచినవారికి జవాబు వేఱుగా చెప్పవలసినది లేదు. కాలు దిగబడిన కొలది ఎద్దు అలయును. అట్లే పలక క్రుంగిన కొలది లారీ ఆ పల్లమునుండి పైకెక్కుటకు డీజిలు కాల్చవలెను. ఆ డీజిలు ఎవరిది? మన కూరగాయలు తెచ్చు బండిదే. రోడ్డు సహజముగా వెండ్రుకవాసి క్రుంగుటలో దొరకునంతయే ఉచితము, అది అత్యల్పము. మెట్రో రైలు ఆగునపుడు మోటారే జనరేటరుగా మాఱి విద్యుత్తును తిరిగి తీగలకు పంపును. అది గణనీయమైన శక్తి. కాని అది రైలు వేగమునుండి వచ్చినది, అదురునుండి కాదు.

అయినచో ఈ విద్య నిష్ప్రయోజనమా? కాదు. సన్నని లోహపు బద్దకు ఆ పింగాణి నతికించి, కొనను చిన్న బరువు కట్టి, అదరు యంత్రమునకు బిగింతురు. నిమిషమునకు 1440 చుట్లు తిరుగు మోటారు క్షణమునకు 24 మారులు అదరును. బద్ద యూగుడు ఆ లెక్కకు కుదిరినచో, సమయ మెఱిగి ఊపిన ఉయ్యాలవలె ఊగును. అంతచేసినను వచ్చునది మిల్లీవాట్లలోనే. తొమ్మిది వాట్ల బల్బునకు మిల్లీవాట్లు తొమ్మిదివేలు కావలెను. తీగయు మనుష్యుని చేయియు చేరని తావులలో, వంతెన కడుపునగాని తిరుగు చక్రములోగాని, పలుమార్లు బ్యాటరీ మార్చు పని లేకుండ అప్పుడప్పుడు వార్త పంపు చిన్న పరికరమునకు ఆ కొంచెము చాలును. తగిన పని అది.

మన పంపుసెట్టుల సంగతి వేఱు. మోటారు అదరుచున్నదనగా పునాది బోల్టులు వదులైనవనియో, బేరింగు అరిగినదనియో, ఇరుసులు సూటిగా లేవనియో అర్థము. ఆ అదురునుండి విద్యుత్తు పిండజూచుట, కారు కుండక్రింద గిన్నె పెట్టి నీళ్లు దొరికినవని సంతోషించుట వంటిది. సంఘనిధి మిగులున్నచో గ్రామగ్రామమునకు ఒక మంచి మెకానిక్కును పంపి మోటారుల బిగింపు చూపించుట నాకు సమ్మతము.

రాబోవు సర్వసభ్య సమావేశమున నేను కోరునది యొక్కటి. అమ్మజూపువారు తమ పలకను మన గోదాము వాకిట, ధాన్యపు బండ్లు నిలుచు చోట, తమ ఖర్చుతోనే పఱచి, ప్రక్కన మీటరు పెట్టి నెలదినములు నడుపవలెను. ఎన్ని యూనిట్లు పడినవో సభ్యులు కన్నులార చూచిన పిమ్మట తీర్మానము ప్రవేశపెట్టుదము. అంతవఱకు ఆ ప్రతిపాదనకు నా వోటు లేదు.