రైలు మోడల్స్‌కి కూడా "ఇంకో ఐదు వేలు వేసుకో బ్రో" సలహానేనా?

"15 వేలలో మంచి ఫోన్ చెప్పు" అని ఎవరైనా అడిగితే మన నోట్లోంచి వచ్చే మొదటి మాట మీకు తెలుసు. "ఇంకో ఐదు వేలు వేసుకో బ్రో, అదిరిపోయేది వస్తుంది." ఆ ఐదు వేలే ఉంటే వాడు 20 వేల ఫోనే అడిగేవాడు కదా! ఈ సలహా నేనూ చాలామందికి ఇచ్చాను. కిందటి సంక్రాంతికి ఫోన్ల విషయంలో కాకుండా వేరే చోట ఇచ్చి, ఒక కుర్రాడి సరదాని మొదట్లోనే చంపేశాను. అందుకే ఈసారి ఫోన్ రివ్యూ కాదు, మోడల్ రైళ్ల గురించి రాస్తున్నా.

మాది గుడివాడ. విజయవాడ, మచిలీపట్నం, భీమవరం వైపు లైన్లు కలిసే జంక్షన్. కొండవీడు ఎక్స్‌ప్రెస్ హారన్ వింటూ పెరిగినవాడికి రైళ్ల పిచ్చి పట్టడంలో వింతేం లేదు. ఉద్యోగం వచ్చాక ఒక చిన్న ఎన్ స్కేల్ సెట్ కొనుక్కున్నాను. అది చూసి ఇంటర్ చదువుతున్న మా బాబాయి కొడుకు అడిగాడు: "అన్నయ్యా, నా దగ్గర నాలుగు వేలున్నాయి. ఏం కొంటే బాగుంటుంది?"

నేను గంటసేపు వాయించాను. స్కేల్స్, గేజ్‌లు, డీసీసీ, సౌండ్ డీకోడర్లు, ఏదీ వదల్లేదు. చివరికి "ఇప్పుడే తొందరపడకు, ఇంకో పది వేలు దాచుకుని మంచి సెట్ తీసుకో" అన్నాను. "సరే అన్నయ్యా" అన్నాడు. ఉగాదికి వెళ్లినప్పుడు ఏమైందని అడిగితే ఆ డబ్బుతో ఇయర్‌బడ్స్ కొన్నాడట. "నువ్వు చెప్పిందంతా విన్నాక ఇది మనలాంటోళ్లకి కాదనిపించిందిలే" అన్నాడు.

ఆ మాట బాగా గుచ్చుకుంది. వాడు అడిగింది ఏం కొనాలని. నేను చెప్పింది నాకెంత తెలుసో.

వేరే వాళ్ల ఇంటికి సరిపోయే సలహా

ఈ హాబీలో కొత్తవాళ్లకి వినిపించే సలహాల్లో చాలావరకు అమెరికా నుంచో, యూరప్ నుంచో, జపాన్ నుంచో వచ్చినవే. అక్కడ అవి తప్పు కాదు. ఉదాహరణకి అమెరికాలో పాత ఫార్ములా ఒకటుంది: హెచ్‌ఓ స్కేల్ కొను, 4×8 అడుగుల ప్లైవుడ్ మీద లేఅవుట్ వెయ్. 8×4 షీట్ మన ఊళ్లోనూ ఏ ప్లైవుడ్ షాపుకెళ్లినా దొరుకుతుంది. దాన్ని ఎక్కడ పెడతాం అన్నదే ప్రశ్న. వాళ్లకి బేస్‌మెంట్ ఉంటుంది, గరాజ్ ఉంటుంది. మనకి అంత పెద్ద బల్ల అంటే ఇంట్లో ఒక డబుల్ కాట్ తీసేసినట్టే.

లెక్క వేసి చూడండి. హెచ్‌ఓ అంటే 1:87. మన ఐసీఎఫ్ బోగీ బఫర్లతో కలిపి దాదాపు 22.3 మీటర్లు. హెచ్‌ఓలో అది 25 సెంటీమీటర్ల పైమాట. 24 బోగీల రైలు పెడితే 6 మీటర్లు దాటుతుంది, మా హాల్ కూడా అంత పొడవు లేదు. ఎన్ స్కేల్ అంటే 1:160. అందులో ఒక ఇంజిన్, నాలుగు బోగీలు కలిపి 70 సెంటీమీటర్లకి కాస్త అటూ ఇటూ. కాటో లాంటి కంపెనీల బిగువైన వంపు ట్రాక్‌తో 2×4 అడుగుల చెక్క మీద రైలు గుండ్రంగా తిరిగేస్తుంది. పనయ్యాక మంచం కిందకి తోసేయొచ్చు.

అయితే అంత బిగువు వంపులో పొడవాటి బోగీలు కొన్ని సరిగ్గా తిరగవు. కొనేముందు బాక్స్ మీద కనీస రేడియస్ ఎంతో చూసుకోవాలి.

ఇంకొకటి, "అది కరెక్ట్ గేజ్ కాదు" అని భయపెట్టేవాళ్లు ఉంటారు. నిజమే. మన బ్రాడ్‌గేజ్ 1676 మి.మీ. 1:87 ప్రకారం పట్టాల మధ్య 19 మి.మీ. పైన ఉండాలి. మార్కెట్లో దొరికే హెచ్‌ఓ ట్రాక్ 16.5 మి.మీ., అది విదేశాల స్టాండర్డ్ గేజ్ 1435కి లెక్క. ఈ తేడా తెలుసుకోవడం మంచిదే. కానీ ఇంకా మొదటి రైలు కూడా తిప్పనివాడికి ఇది చెప్పడం వల్ల ఉపయోగం ఏంటి?

డీసీసీ బాగుంటుంది, కానీ రెండో మెట్టు

మామూలు డీసీ పద్ధతిలో ట్రాక్‌కి ఇచ్చే వోల్టేజ్ పెంచితే రైలు వేగం పెరుగుతుంది, పోలారిటీ తిప్పితే వెనక్కి వెళ్తుంది. ఒకే ట్రాక్ మీద రెండు ఇంజిన్లు పెడితే రెండూ కలిసే కదులుతాయి. డీసీసీలో ట్రాక్‌లో ఎప్పుడూ పూర్తి కరెంట్ ఉంటుంది, దాంతో పాటే డిజిటల్ ప్యాకెట్లు వెళ్తాయి. ప్రతి ఇంజిన్‌లో డీకోడర్, దానికో అడ్రస్. కొత్త డీకోడర్ సాధారణంగా 3వ నంబర్ అడ్రస్‌తో వస్తుంది. మన నెట్‌వర్కింగ్ క్లాస్ లాగే ఉంది కదా? అందుకే ఇంజనీర్లం దీని గురించి మొదలుపెడితే ఆపలేం.

గ్యాడ్జెట్ పిచ్చోళ్లకి నచ్చే మాట ఇంకోటుంది. డీసీసీ-ఈఎక్స్ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్‌తో ఆర్డునో మెగా, మోటార్ షీల్డ్ వాడి కంట్రోల్ స్టేషన్ మనమే చేసుకోవచ్చు. దానికి వైఫై కలిపితే డ్రాయర్‌లో పడున్న పాత ఆండ్రాయిడ్ ఫోనే, ఇంజిన్ డ్రైవర్ యాప్‌తో, లోకో పైలట్ చేతిలో హ్యాండిల్ అయిపోతుంది.

సూపర్ కదా! కానీ ఇది ఒక ఇంజిన్, ఒక రౌండ్ ట్రాక్ ఉన్నవాడికి అక్కర్లేదు. రెండో ఇంజిన్ కొన్న రోజున మాట్లాడదాం. అప్పుడు కూడా ఒక జాగ్రత్త: బాక్స్ మీద "డీసీసీ రెడీ" అని ఉంటే డీకోడర్ లోపల ఉందని కాదు, పెట్టుకోవడానికి చోటు ఉందని. ఛార్జర్ లేని ఫోన్ బాక్స్ గుర్తొచ్చిందా? అదే కథ.

నాకెవరూ చెప్పని విషయాలు

నా మొదటి సెట్ అమెరికా నుంచి చుట్టాలతో తెప్పించుకున్నా. ప్లగ్ మన సాకెట్‌కి సరిపోదని పిన్ కన్వర్టర్ కొని పెట్టా. స్విచ్ వేశా. టప్‌మని శబ్దం, కాలిన వాసన. అక్కడి కరెంట్ 120 వోల్టులు, మనది 230. పిన్ కన్వర్టర్ పిన్నుల ఆకారమే మారుస్తుంది, వోల్టేజ్ మార్చదు. జపాన్‌లో అయితే 100 వోల్టులే. అడాప్టర్ మీద ఇన్‌పుట్ "100–240" అని లేకపోతే డైరెక్ట్‌గా మన సాకెట్‌లో పెట్టకండి. బీటెక్ చదివి ఇది చూసుకోలేదా అని మీరు నవ్వొచ్చు, మా నాన్న కూడా అదే అన్నారు. వంపుల రేడియస్ గురించి నాకు పది మంది చెప్పారు, దీని గురించి ఒక్కరూ చెప్పలేదు. ఎందుకంటే వాళ్ల ఊళ్లో ఆ సమస్య లేదు.

తేమ సంగతీ అంతే. సముద్రానికి ఇంత దగ్గర్లో స్టీల్ పట్టాలు తొందరగా తుప్పు పడతాయి. నికెల్ సిల్వర్ పట్టాలు అడిగి తీసుకోండి. పేరులో సిల్వర్ ఉన్నా వెండి ఉండదు, రాగి, నికెల్, జింక్ మిశ్రమం. మురికి పడితే బట్టకి కొంచెం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడవాలి, గరుకు కాగితంతో రుద్దితే గీతలు పడి ఇంకా మురికి పడుతుంది. ఎండీఎఫ్ చెక్క వానాకాలంలో ఉబ్బుతుంది. థర్మకోల్ బేస్ వాడితే దాన్ని కరిగించే జిగురు కాకుండా ఫెవికాల్ లాంటిది వాడండి.

మరి నాలుగు వేలున్నవాడికి ఏం చెప్పాలి?

నిజం చెప్పాలి. ఆ డబ్బుకి మంచి ఇంపోర్టెడ్ సెట్ కొత్తది రాదు, దాదాపు మిడ్‌రేంజ్ ఫోన్ ఖర్చు అవుతుంది. కానీ అక్కడితో ఆగిపోకూడదు. ప్లాస్టిక్ ట్రాక్ మీద తిరిగే బ్యాటరీ రైలు తక్కువలోనే దొరుకుతుంది. మిగతా డబ్బుతో కవుతరం లాంటి చిన్న స్టేషన్ అట్టముక్కలతో కట్టొచ్చు: ఒక ప్లాట్‌ఫాం, పసుపు బోర్డు, ఒక వేపచెట్టు, వెనకాల వరిచేలు. స్కేల్ లెక్కలు, రంగులు, జిగురు పనులు, సగం హాబీ అక్కడే నేర్చుకోవచ్చు. పుణెలో 1998 నుంచి జనం చూస్తున్న జోషీస్ మినియేచర్ రైల్వే మ్యూజియం కూడా ఒక మనిషి సరదాగానే మొదలైంది.

"చీప్‌ది కొంటే రెండుసార్లు కొనాలి" అంటారు. పవర్ అడాప్టర్ విషయంలో, పట్టాల విషయంలో నేనూ ఒప్పుకుంటా, అక్కడ పిసినారితనం వద్దు. మిగతావాటిలో మాత్రం రెండోసారి కొనడం నష్టం కాదు. రెండోసారి కొంటున్నాడంటే హాబీలో ఇంకా ఉన్నాడనే కదా అర్థం.

కిందటి నెల ఊరెళ్లినప్పుడు నా పాత ఓవల్ ట్రాక్, కంట్రోలర్, ఒక ఇంజిన్ సంచిలో వేసుకుని బాబాయి వాళ్లింటికి వెళ్లా. గచ్చు మీద పరిచాం. పది నిమిషాల్లో రైలు తిరిగింది. "ఇది వెనక్కి ఎలా వస్తుంది అన్నయ్యా?" అన్నాడు. పోలారిటీ గురించి చెప్పబోయి ఆగి, కంట్రోలర్ వాడి చేతికిచ్చా. వాడే కనుక్కున్నాడు. సెట్ ప్రస్తుతం వాళ్లింట్లోనే ఉంది.

నా వర్డిక్ట్

కొత్తవాడు అడిగితే ముందు మూడు ప్రశ్నలు వెయ్యండి: ఎంత డబ్బుంది, ఎంత చోటుంది, ఇంట్లో ఏ రైలు చూసి ఈ సరదా పుట్టింది? ఆ జవాబులకి సరిపోయేదే చెప్పండి. కొన్న రోజు సాయంత్రానికి వాడి రైలు ఒక రౌండ్ తిరిగిందంటే మీ సలహా మంచిదే. లేదంటే మీకు ఎంత తెలిసినా అది వాడికి పనికిరాని సలహానే. ఫోన్లకి కూడా ఇదే రూల్ పెట్టుకుంటున్నా ఇక నుంచి.